గాజుల సారు

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న

కొత్త కానిస్టేబుళ్ల ట్రైనింగ్‌లో నన్ను ఒక పూట మాట్లాడమని పిలిచారు. రిటైరైన ఎస్సై చేతికి మైకు దొరకడమంటే మాటలు కాదు కదా, నలభై నిమిషాలు దంచాను. క్రమశిక్షణ అన్నాను, ఆరోగ్యం అన్నాను, బూట్ల పాలిష్ గురించి కూడా ఓ ఐదు నిమిషాలు చెప్పాను. వెనక వరుసల్లో పిల్లలు ఆవులింతలు ఆపుకోలేక తంటాలు పడుతున్నారు. ఆఖరున ములకలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మీ సర్వీసుల మీరు చేసిన పెద్ద తప్పు ఏంది సార్?"

"మోకాళ్లను పట్టించుకోకపోవడం," అన్నాను. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఇంకేదో చెప్తానని కాసేపు చూసి కూర్చుంది.

పెనుబల్లి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నా ఆ చూపు నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ అమ్మాయి అడిగింది నాకు బాగా తెలిసిన ప్రశ్నే. దాని జవాబు ఒక మనిషి పేరు. హెడ్ కానిస్టేబుల్ యాకూబ్. అడవి అంచున ఒక చిన్న స్టేషన్‌లో నా దగ్గర పనిచేశాడు. ఒక వానాకాలం నలభై మందిని వాగు దాటించి తాను వాగులో పోయాడు. ఏటా అక్టోబరులో మన పరేడ్ గ్రౌండులో అమరుల పేర్లు చదువుతారు చూడండి, ఆ పేర్లలో ఆరేళ్లపాటు ఆయన పేరు లేదు. లేకపోవడానికి కారణం నేను.

కొత్తగా ఖాకీ వేసుకుంటున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి మీకెందుకు? పని ఎలా చేయాలో నాకు నేర్పినవాడి గురించి, ఆ పనిలో నేను ఎలా తప్పానో దాని గురించి చెప్తాను.

జీపు దిగని ఎస్సై

ఆ స్టేషన్‌కు వెళ్లేటప్పటికి నాకు అహం బాగా ఉండేది. చొక్కాకు గంజి ఎంత గట్టిగా ఉంటే ఎస్సై అంత గట్టివాడని నమ్మే రోజులు. స్టేషన్ అంటే రెండు గదులు, ఒక రేకుల షెడ్డు, పొద్దస్తమానం గరగరలాడే వైర్‌లెస్ సెట్టు. ఎండాకాలం ఇప్పపూల వాసన కిటికీలోంచి నేరుగా టేబుల్ మీదికి వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు ఆ టేబులే గుర్తొస్తుంది.

యాకూబ్ నాకంటే రెండేళ్లు పెద్ద. బూర్గంపాడు మనిషి. సన్నగా, కొంచెం వంగి నడిచేవాడు. నేను "యాకూబ్ భాయ్" అనేవాణ్ని, ఆయన నన్ను "సార్" అనేవాడు. ఆంధ్రా యాస కలిసిన నా మాట మీద మాత్రం ఆయనకు భలే సరదా. "సార్ మాట సగం సత్తుపల్లి అవతల ఉంటది. జర ఇవతలికి రాండ్రి సార్," అని నవ్వేవాడు.

వెళ్లిన నెలకే రోడ్డు మీది ఊళ్లో ఒక రైతు బావి మోటారు పోయింది. దాన్ని వాగొడ్డు గుంపులో దాచారని ఎవరో చెప్పారు. మా వైపు అడవిలో చిన్న పల్లెను గుంపు అంటారు. వాగు అవతల పది గుడిసెలు, అంతే. సమాచారం సరైనదా కాదా అని నేను ఆలోచించలేదు. జీపు ఎక్కాను.

"సార్, జీపు వద్దు. నడిచి పోదాం. వాగు కాడ ఆగుదాం," అన్నాడు యాకూబ్.

"దొంగను పట్టుకోడానికి అనుమతి తీసుకుని వెళ్తామా భాయ్?" అన్నాను. ఆ రోజు నా వెటకారానికి నేనే మురిసిపోయాను.

వాగులో నీళ్లు లేవు. జీపు నేరుగా గుంపు మధ్యలోకి పోనిచ్చి హారన్ కొట్టించాను. రెండు నిమిషాల్లో గుంపులో మనిషన్నవాడు లేడు. పొయ్యి మీద గిన్నెలు అట్లాగే ఉన్నాయి, మనుషులంతా అడవిలోకి పోయారు. నేను గుడిసె గుడిసె వెతికించాను. మోటారు దొరకలేదు. దొరకదు కూడా, అది ఆ రైతు బామ్మర్ది ఇంట్లోనే ఉందని పది రోజుల తర్వాత తేలింది.

అసలు నష్టం అది కాదు. గుంపు వాళ్లు వారం దాకా తిరిగి రాలేదు. ఆ వారంలో అకాల వాన పడింది. కల్లంలో ఆరబెట్టిన మిర్చి మొత్తం తడిసి, నల్లబడి, బూజు పట్టింది. కప్పేవాళ్లు లేరు. ఒక ఊరి ఏడాది కష్టం నా హారన్‌కు పోయింది. దానికి నాకు ఎవరూ మెమో ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

గాజులోయ్

ఎనిమిదో రోజు యాకూబ్ నన్ను నడిపించుకుని వాగు దాకా తీసుకెళ్లాడు. బెల్టు, టోపీ ఉంచుకోమన్నాడు, లాఠీ మాత్రం స్టేషన్‌లో పెట్టించాడు. వాగు ఇవతల ఒక బండ మీద కూర్చోబెట్టి, తాను నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి గట్టిగా కేక వేశాడు.

"గాజులోయ్... గాజులూ..."

నాకు తల తీసేసినట్టయింది. యూనిఫాంలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ గాజుల కేక వేయడమేంటి? అప్పుడు చెప్పాడు. వాళ్ల నాయిన సైకిల్ మీద గాజుల పెట్టె పెట్టుకుని ఈ గుంపులన్నీ తిరిగేవాడట. వెనకాల కూర్చుని వచ్చిన యాకూబ్‌కు ఈ ఆడవాళ్లందరూ చిన్నప్పటి నుంచి తెలుసు.

"మా నాయిన ఒకటే చెప్పేటోడు సార్. గాజులు తొడగాలంటే ఆడమనిషి చెయ్యి మన చేతుల పెట్టాలె. పరాయి మగోని చేతుల చెయ్యి ఎందుకు పెడతది? నమ్మితేనే కదా. అందుకే ఊరి బయట ఆగి కేక వెయ్యి, పిలిస్తేనే లోపలికి పో, పిలవకుంటే ఏమనకుండ మర్లి రా అనేటోడు. మన నౌకరీ గూడ గంతే సార్. వాళ్ల కష్టం మన చేతుల పెట్టాలె."

రెండు గంటలు కూర్చున్నాం. ఎండ నడినెత్తికి వచ్చింది. నేను లేవబోతే ఆయన నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. చివరికి చెట్ల సందునుంచి ఒక ముసలామె వచ్చింది. చేతికి పచ్చ గాజులు. పేరు భీమక్క, ఆ గుంపులో ఆమె మాటే మాట.

"నువ్వేనా?" అంది యాకూబ్‌తో. తర్వాత నా వైపు చూసి, "వీడు ఆ జీపు బండోడు కదా?"

"అవ్, మా సారే. ఇయ్యాల నడిచి వచ్చిండు," అన్నాడు యాకూబ్.

ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఎస్సైని 'వీడు' అన్నందుకు నాకు కోపం రావాలి. రాలేదు, సిగ్గేసింది. మిర్చి గురించి తప్పయిందని చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆమే అంది, "రా సారూ. లోపలికి రా."

ఆ పిలుపుకు విలువ ఎంతో నాకు ఆ తర్వాత తెలిసింది. ఆ గుంపు నుంచి, చుట్టుపక్కల గుంపుల నుంచి మనుషులు స్టేషన్‌కు రావడం మొదలైంది. స్టేషన్‌కు అంటే యాకూబ్ దగ్గరికి. 'గాజుల సారు ఉన్నడా' అని గేటు దగ్గర అడిగేవారు. ఆయన రెండో శని ఒక గుంపు, నాలుగో శని ఒక గుంపు పెట్టుకుని తిరిగేవాడు. కేసు ఉందని వెళ్లేవాడు కాదు, కేసు లేనప్పుడే వెళ్లేవాడు. జ్వరాలు ఉంటే దవాఖానాకు ఫోన్ చేసేవాడు. సరిహద్దు తగాదా పెరగకముందే ఇద్దర్నీ ఒక చాప మీద కూర్చోబెట్టేవాడు. అవి కేసులయ్యేదాకా వెళ్లలేదు కాబట్టి మన లెక్కలో ఆయన చేసిన పని కనపడదు.

ఆయనకు ఎగతాళి కూడా బాగానే జరిగింది. అప్పట్లో ఒక సర్కిల్ సారు ఉండేవాడు. గొంతు పెద్దది, వినడం తక్కువ. గుంపు బయట ఆగి కేక వేసే సంగతి తెలిసి అందరి ముందూ అడిగాడు, "ఏమయ్యా యాకూబ్, గాజులు తొడుక్కొని డ్యూటీ చేస్తున్నావంట?"

యాకూబ్ అటెన్షన్‌లో నిలబడే జవాబిచ్చాడు. "తొడిగే ఇంటోన్ని సార్. తొడుక్కునేటోన్ని కాదు."

నవ్వు ఆపుకోలేక నేను రిజిస్టర్ చాటున తల దించుకున్నాను. ఆ రోజు నవ్వుకున్నానే గానీ, ఆ మాట ఒకనాడు నాకే తగులుతుందని అనుకోలేదు.

వచ్చినంక రాద్దాం

ఆ వానాకాలం వారం రోజులు ముసురు పట్టింది. గోదావరి పోటెత్తి వాగుల నీళ్లను తీసుకోవడం మానేసింది. వాగులు వెనక్కి తన్నడం మొదలైంది. గుంపులను ఎత్తు మీదికి తరలించమని పైనుంచి ఆర్డర్ వచ్చింది. పొద్దున్నే జీపు మైకులో చెప్పించాను. "వాగొడ్డు గుంపు ప్రజలు వెంటనే ఊరు ఖాళీ చేయవలెను." ఒక్కరు కదల్లేదు.

ఎందుకు కదలలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఖాళీ అనే మాట వాళ్లు అంతకుముందు పోడు భూముల దగ్గర విన్నారు. ఆ మాట విన్నవాళ్లకు మళ్లీ ఆ భూమి దక్కలేదు. వాన సాకుతో గుడిసెలు పీకేస్తారని అనుకున్నారు. నా మైకు పని చేసింది, మాట పని చేయలేదు.

ఆ రోజు యాకూబ్ సెలవులో ఉన్నాడు. మధ్యాహ్నం బూర్గంపాడులో కూతురి పెళ్లి మాటలు. మమ్మల్ని భోజనానికి పిలవడానికి లుంగీ, తెల్ల చొక్కాతో స్టేషన్‌కు వచ్చాడు. వర్షానికి తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఆయన చెప్పేది పూర్తిగా వినలేదు.

"భాయ్, నువ్వు పోతేనే వాళ్లు కదులుతారు. నువ్వే పోవాలి," అన్నాను.

ఆయన వాన వైపు చూశాడు, గోడ గడియారం వైపు చూశాడు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. "మా ఇంటామెకు ఫోన్ చేస్త సార్," అని పక్కకు వెళ్లి మాట్లాడి వచ్చాడు. పెట్టెలోంచి యూనిఫాం తీసి వేసుకున్నాడు. "గీ బట్టలల్ల పోవాలె సార్. లుంగీల పోతే పోలీసు పని మీద వచ్చిండని ఎట్ల తెలుస్తది?" అన్నాడు. గుమ్మం దాటుతూ ఆగాడు.

"సార్, జీడీల ఎంట్రీ రాయుండ్రి. సెలవుల ఉన్న కదా."

జీడీ అంటే జనరల్ డైరీ. స్టేషన్ నుంచి ఎవరు ఏ పని మీద ఎప్పుడు బయలుదేరారో అందులో రాయాలి. రాస్తేనే అతను డ్యూటీలో ఉన్నట్టు. మీకు ట్రైనింగ్‌లో మొదటి వారమే చెప్పి ఉంటారు.

"వచ్చినంక రాద్దాంలే భాయ్. జల్దీ పో," అన్నాను.

నేను మామూలుగా 'వచ్చాక' అంటాను. ఆ రోజు ఎందుకో ఆయన మాటలోనే 'వచ్చినంక' అన్నాను. ఆయన కూడా గమనించాడు. "సార్ ఇవతలికి వచ్చిండు," అని నవ్వుకుంటూ తోడుగా పంపిన కానిస్టేబుల్ బండెక్కి వెళ్లిపోయాడు. నేను ఆయన్ను చూడటం అదే ఆఖరు.

ఆ తర్వాత జరిగింది ఆ కానిస్టేబుల్ చెప్పాడు. వాగు అప్పటికే నడుము లోతు. యాకూబ్ ఇవతలి ఒడ్డునే ఆగి కేక వేశాడు. అంత వానలో కూడా ఆగి, పిలిచేదాకా చూశాడు. భీమక్క అవతలి ఒడ్డుకు వచ్చి రమ్మంది. తాడు కట్టుకుని దాటాడు. ఖాళీ అనే మాట ఎత్తలేదు. "రోడ్డు కాడి బడికి పోదాం రాండ్రి. నీళ్లు తగ్గినంక నేనే తోలుకొస్త," అన్నాడు. అంతే, కోళ్లను గంపల్లో పెట్టుకుని అందరూ కదిలారు. తాడు పట్టుకుని వరసగా నలభై మంది దాటారు. చివర్న భీమక్కను భుజాన వేసుకుని ఆయనే తెచ్చాడు. ఆమెను ఒడ్డున ఉన్నవాళ్ల చేతికి అందించాడు. తాను కాలు పైకి పెట్టేలోపు వాగులో కొట్టుకొస్తున్న మద్ది దుంగ వచ్చి నడుముకు తగిలింది.

రెండు రోజుల తర్వాత దొరికాడు. యూనిఫాంలోనే ఉన్నాడు.

నేను రాసిన ఒక్క వాక్యం

ఆ రెండు రోజుల్లోనే నేను తప్పు చేశాను. ఇప్పటిదాకా చెప్పినవి పొరపాట్లు. ఇది తప్పు.

సెలవులో ఉన్న మనిషిని, సరైన సామాను లేకుండా, ఎంట్రీ రాయకుండా పంపింది ఎవరని పైనుంచి అడుగుతారు. ఒక పెద్ద అధికారి, నా మేలు కోరినవాడే, పక్కకు పిలిచి చెప్పాడు, "ఆయనే వెళ్లాడని రాసెయ్. లేకపోతే నువ్వు మునుగుతావు." మునుగుతావు అనే మాట ఆ రోజు ఎవరైనా వాడొచ్చా? వాడాడు. నేను విన్నాను. రిపోర్టులో ఒక వాక్యం రాశాను. "సదరు హెడ్ కానిస్టేబుల్ సెలవులో ఉండి, తన స్వంత ఇష్టముతో వెళ్లెను."

అబద్ధం కూడా కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇష్టంగానే వెళ్లాడు కదా అనుకున్నాను. ఆ వాక్యంతో ఆయన మరణం ప్రమాదం అయింది. బూర్గంపాడులో ఖననం రోజు తుపాకుల వందనం లేదు. అమరుల జాబితాలో పేరు లేదు. నేను మట్టి వేసి పక్కకు తప్పుకున్నాను. ఎవరి కళ్లలోకీ చూడలేకపోయాను.

గుంపు వాళ్లు నీళ్లు తగ్గినా బడి వదిలి వెళ్లలేదు. నాలుగో రోజు నేను వెళ్లి "పదండి, ఇళ్లకు వెళ్లండి" అన్నాను. భీమక్క నా దగ్గరికొచ్చింది.

"గాజుల సారు తోలుకపోత అన్నడు. నువ్వు ఆయన పంపిన మనిషివేనా?"

"అవ్," అన్నాను. ఆయన్ను పంపింది నేనని చెప్పే ధైర్యం లేదు. ఆయన పంపిన మనిషినని చెప్పి వాళ్లను వాగు దాటించాను. నీళ్లు మోకాలి దాకా కూడా లేవు.

ఆ సర్కిల్ సారు మాట అప్పుడు గుర్తొచ్చింది. పిరికివాణ్ని గాజులు తొడుక్కున్నాడంటాం. గాజుల పెట్టె మోసిన ఇంటివాడు వాగులోకి దిగాడు. మీసం మెలేసిన నేను ఒక వాక్యం వెనక దాక్కున్నాను. ఆ తిట్టును నేను ఆ రోజు నుంచి ఎవరి మీదా వాడలేదు. మీరు కూడా వాడకండి.

బూర్గంపాడు కొట్టు

ఏటా అక్టోబరులో యాకూబ్ భార్య జైబున్ పరేడ్ గ్రౌండుకు వచ్చేది. అమరుల కుటుంబాలకు షామియానా కింద ముందు వరుసలో కుర్చీలు వేస్తారు. ఆమెకు కుర్చీ లేదు. జనంలో వెనక నిలబడి పేర్లు చివరిదాకా విని వెళ్లిపోయేది. నేను యూనిఫాంలో ముందు నిలబడి ఉండేవాణ్ని, ఆమె వెనక ఉందని తెలిసీ తిరిగి చూసేవాణ్ని కాదు. రిటైరయ్యాక వెళ్లడమే మానేశాను.

ట్రైనింగ్ నుంచి తిరిగొచ్చిన రోజు మా ఆవిడకు మొత్తం చెప్పాను. ఇన్నేళ్లూ దాచినందుకు తిడుతుందనుకున్నాను. రిటైరైనవాడి మీద కూడా విచారణ పడొచ్చు, ఇప్పుడెందుకు అంటుందని కూడా ఆశపడ్డాను, నిజం చెప్పాలి కదా. ఆమె సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆరేళ్లు ఆలస్యం చేశారు. ఇంక బస్సు కూడా తప్పించుకోకండి," అంది.

బూర్గంపాడులో జైబున్ చిన్న గాజుల కొట్టు నడుపుతోంది. నేను వెళ్లేసరికి ఒక కొత్త పెళ్లికూతురికి గాజులు ఎక్కిస్తోంది. నేను మెట్టు కిందే ఆగాను. కావాలని ఆగలేదు, కాలు పడలేదు. ఆ పిల్ల వెళ్లాక ఆమె తలెత్తింది.

"రా భయ్యా, గాడనే నిలబడ్డవేంది?"

లోపలికెళ్లి కూర్చోకుండానే చెప్పేశాను. పంపింది నేనే. ఎంట్రీ వచ్చినంక రాద్దామన్నది నేనే. ఆయన ఇష్టంతో వెళ్లాడని రాసింది నేనే. చెప్తుంటే ఏడుపు ఆగలేదు. ఆమె చేతిలో ఉన్న గాజుల దారాన్ని నెమ్మదిగా ముడి వేసింది.

"నాకు తెల్సు భయ్యా. పోయేటప్పుడు ఫోన్ చేసిండు. సార్ పొమ్మన్నడు, పెండ్లోళ్లకు నువ్వు సర్ది చెప్పు, నా బువ్వ ఉంచు అన్నడు."

ముఖం తుడుచుకున్నాను. "తెలిసీ ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"నేను చెప్తే పెండ్లం ఏడ్పు అంటరు. నువ్వు చెప్తే అది మాట." గాజుల దారం పక్కన పెట్టి అంది, "నీ మీద కోపం లేదని అనను. ఉన్నది. గని నువ్వు వస్తవని అనుకున్న. ఆయన నిన్ను మంచోడనేటోడు."

ఆమె టీ పెట్టింది. నా సర్వీసులో ఎన్నో శిక్షలు చూశాను, ఆ టీ తాగడమంత కష్టం ఏదీ కాలేదు.

గేటు బయట

ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టి జిల్లా ఆఫీసులో ఇచ్చాను. విచారణ వేశారు. నా మాటా, అప్పుడు నా రిపోర్టుకు అడ్డు చెప్పని ఆ కానిస్టేబుల్ మాటా చాలవన్నారు. అది న్యాయమే, ఒకసారి తప్పుడు మాట రాసినవాడి రెండో మాటను వెంటనే ఎందుకు నమ్మాలి? ఆ రోజు యాకూబ్ యూనిఫాంలో వచ్చాడా, పోలీసు పని మీద వచ్చానని చెప్పాడా అన్నది గుంపు వాళ్లు చెప్పాలి. కబురు నేనే తీసుకెళ్లాను. వాగు ఇవతల బండ మీద కూర్చున్నాను. గాజుల కేక వేయడానికి నాకు ముఖం చెల్లలేదు, ఊరికే కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఎవరో చూసి భీమక్కను తీసుకొచ్చారు. అంతా విని ఆమె ఒకటే అడిగింది.

"అప్పుడు ఆయన పంపిన మనిషినన్నవ్. అబద్ధమా?"

"అబద్ధమే. ఆయన్ను పంపింది నేను."

"సరే," అంది. ఏ రోజు రావాలో అడిగింది.

చెప్పిన రోజుకు రెండు ట్రాక్టర్లలో వచ్చారు. ఆఫీసు గేటు తీసే ఉంది. వాళ్లు మాత్రం రోడ్డవతల ఎండలో నిలబడ్డారు. సెంట్రీ "లోపలికి పోండ్రి" అని చెయ్యి ఊపాడు. కదల్లేదు. నేను వెళ్లి చెప్పినా కదల్లేదు.

"మా ఊరికి వస్తే గాజుల సారు బయట ఆగేటోడు. మీ ఊరికి వస్తే మేం ఆగొద్దా? మీ పెద్దోన్ని పిలవమను," అంది భీమక్క.

ఈ సంగతి లోపలికి చేరింది. ఎవరికో నవ్వు వచ్చి ఉంటుంది. కానీ విచారణ చేస్తున్న ఆ చిన్న వయసు అధికారి టోపీ పెట్టుకుని గేటు దాకా నడిచి వచ్చాడు. "రాండమ్మా, లోపలికి రాండి," అని పిలిచాడు. నా సర్వీసులో చూసిన మంచి అధికారుల్ని చేతివేళ్ల మీద లెక్కపెట్టగలను. రిటైరయ్యాక ఇంకొకర్ని చూశాను.

నలభై మందిలో బతికున్న ప్రతి ఒక్కరూ చెప్పారు. ఖాకీలో వచ్చిండు, పోలీసోళ్లు పంపిన్రన్నడు, తాడు కట్టిండు, దాటించిండు. నా మీద కూడా రాసుకున్నారు, రావలసిన తాకీదు వచ్చింది. దాచుకోలేదు, చదివి సంతకం పెట్టి తీసుకున్నాను.

పేరు

ఇప్పుడు గుంపులకు రోడ్లు పడ్డాయి. వాట్సాప్ గ్రూపులున్నాయి, వాలీబాల్ కిట్లు పంచుతున్నారు, మెడికల్ క్యాంపులు పెడుతున్నారు. మంచిదే, కాదనను. కానీ కిట్టు ఇచ్చి ఫోటో దిగి వచ్చేస్తే ఆ ఊరు మీది కాదు. పని లేనప్పుడు వెళ్లండి. నడిచి వెళ్లండి. వాళ్లు పిలిచేదాకా ఆగండి. మాట అనేముందు ఆ మాట వాళ్ల చెవికి ఎలా వినపడుతుందో కనుక్కోండి. ఇక ఎంట్రీ అంటారా, మనిషి గుమ్మం దాటకముందే రాయండి. వచ్చినంక రాద్దామనకండి. వస్తాడని మనకేం తెలుసు?

పెద్ద తప్పు ఏందని అడిగిన అమ్మాయికి నా జవాబు ఇది. ఆలస్యమైంది, ఏమనుకోకు తల్లీ.

ఈ అక్టోబరులో నేను పరేడ్ గ్రౌండుకు వెళ్లాను. మామూలు బట్టల్లో, జనంలో, వెనక వరుసలో నిలబడ్డాను. జైబున్ షామియానా కింద ముందు వరుసలో కుర్చీలో కూర్చుంది. నా పక్కనే, జనాన్ని ఆపే తాడు వెనక గుంపు వాళ్లు ఉన్నారు. భీమక్కను ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. ఆమెకు ఇప్పుడు చూపు సరిగా లేదు, ఎవరెవరు వచ్చారో నన్నే అడుగుతోంది.

పేర్లు చదవడం మొదలైంది. తుపాకులు తలకిందులుగా పట్టుకుని ప్లటూన్లు నిలబడ్డాయి. గ్రౌండంతా నిశ్శబ్దం. ఒకటి, రెండు, మూడు పేర్లు అయ్యాయి.

"హెడ్ కానిస్టేబుల్ యాకూబ్."

భీమక్క ఒక్కసారిగా పట్టుకున్నవాళ్లను వదిలించుకుని ముందుకు వంగింది. పచ్చ గాజుల చెయ్యి పైకెత్తి, వాగు అవతలి ఒడ్డు నుంచి పిలిచినట్టు గొంతెత్తి పిలిచింది.

"రా సారూ... లోపలికి రా!"

జైబున్ కుర్చీలోంచి వెనక్కి తిరిగింది. చదువుతున్న అధికారి కాగితం మీంచి తలెత్తాడు. ఆమెను ఊరుకోమని ఎవరూ అనలేదు. ఆయన కాసేపు ఆగి, తర్వాతి పేరు చదివాడు.